చేర్యాలలో గీయించిన పటం: చేతికర్రతో కొండెక్కిన కల్నల్ కథ

చేర్యాలలో నకాషీ బొమ్మలు వేసేవాళ్ల ఇంటికి వెళ్లినవాళ్లు మామూలుగా బతుకమ్మ పటమో, బోనాల పటమో, గోడకు తగిలించే మాస్కులో అడుగుతారు. నేను అడిగింది వేరు. మొదటి ప్రపంచయుద్ధంలో, 1915లో టర్కీలోని గల్లీపోలి తీరంలో దిగి, మరునాడే చనిపోయిన ఒక బ్రిటిష్ సైనికాధికారి కథను పాత పద్ధతిలో నిలువు పటంగా గీసి ఇవ్వమన్నాను. ఇచ్చారు. మూడున్నర నెలలు పట్టింది. అంతా కలిపి 20,000 రూపాయలు అయింది. ఇలా సొంత కథ గీయించుకోవాలని ఎవరికైనా ఉంటే పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ముందు నా సంగతి కొంచెం చెప్పాలి. జనగామ దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో 26 ఏళ్లు సోషల్ చెప్పాను. గ్వాలియర్‌లో ట్రైనింగ్ తీసుకుని వచ్చి, ఆడపిల్లల ఎన్‌సీసీ కూడా నేనే చూసుకున్నాను. రిటైరయ్యాక హన్మకొండలో ఉంటున్నాను. మావారు పోయిన రెండో ఏడు, అమ్మ ఇంట్లో ఒక్కతే ఉంటోందని మా చిన్నమ్మాయి, అల్లుడు నన్ను టర్కీ తీసుకెళ్లారు. ఇస్తాంబుల్ అయ్యాక వాళ్లకు బెలూన్ ఎక్కాలని ఆశ. నేను గల్లీపోలి చూపించమని పట్టుబట్టాను. నేను చెప్పిన పాఠంలో అది ఒక్క వాక్యం, "గల్లీపోలి దాడి విఫలమైంది" అని. ఆ వాక్యం అన్నేళ్లు బ్లాక్‌బోర్డు మీద రాశాను కదా, ఆ చోటు ఎలా ఉంటుందో ఒకసారి కళ్లతో చూడాలనిపించింది.

గల్లీపోలిలో సెద్దుల్‌బహిర్ అని చిన్న ఊరు. కింద సముద్రం ఒడ్డునే సైనికుల శ్మశానం ఉంది. దాన్ని వీ బీచ్ అంటారు. ఊరి పైన కొండ మీద మాత్రం ఒక్క సమాధి, చుట్టుపక్కల ఇంకొకటి లేదు. అది లెఫ్టినెంట్ కల్నల్ చార్లెస్ డౌటీ-వైలీది. పడిపోయిన చోటే పాతిపెట్టారు, ఇప్పటికీ అక్కడే ఉంది. ఆయన చేతిలో ఆయుధం లేకుండా, ఒక చిన్న చేతికర్ర మాత్రం పట్టుకుని ఆ కొండెక్కాడని గైడు చెప్పినప్పుడు నేను సరిగా విన్నానో లేదోనని మా అల్లుణ్ణి మళ్లీ అడగమన్నాను. తిరిగొచ్చాక ఆయన గురించి దొరికినదంతా చదివాను. చదివినకొద్దీ పిల్లలకు ఆ ఒక్క వాక్యమే చెప్పి పంపించానన్న బాధ పెరిగింది. చార్టు మీద రాసి గోడకు పెడితే ఎవరూ చూడరని నాకు తెలుసు. అందుకే పటం అనుకున్నాను.

చేర్యాల మా పాత వరంగల్ జిల్లాలోదే. 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు సిద్దిపేటలోకి పోయింది. హన్మకొండ నుంచి జనగామ వెళ్లి, అక్కడ సిద్దిపేట బస్సు ఎక్కితే దారిలోనే దిగొచ్చు. సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఆదివారాలు మాత్రం వెళ్లకండి. కొమురవెల్లి మల్లన్న జాతర జనంతో బస్సులో కాలు పెట్టే సందు ఉండదు.

నేను వెళ్లిన ఇంట్లో భార్యాభర్తలిద్దరూ బొమ్మలు వేస్తారు, కొడుకు సాయం చేస్తాడు. వాళ్ల పేర్లు రాయడం లేదు. ఊళ్లో అడిగితే నకాషీ పనివాళ్ల ఇళ్లు ఎవరైనా చూపిస్తారు. ముందుగదిలో దండెం మీద ఖాదీ గుడ్డ ఆరేసి ఉంది. ఉడికించిన చింతగింజల జిగురు, సుద్దమట్టి, గంజి, చెట్టు బంక కలిపి గుడ్డకు పూస్తారు. ఆరాక మళ్లీ పూస్తారు, ఇలా మూడుసార్లు. ఆ వాసన గది నిండా ఉంటుంది, ముగ్గుపిండిలో పులుసు కలిపినట్టు. ఆరిన గుడ్డ మీద నేను వేలితో తట్టి చూశాను. డోలు మీద తట్టినట్టు మోగింది. నా స్కూల్లో ఏ చార్టూ అంత గట్టిగా లేదు.

ఈ పటాలు అసలు గోడకు తగిలించుకోవడానికి పుట్టినవి కావు. ఒక్కో కులానికి కథ చెప్పే వాళ్లుంటారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం కూనపులివాళ్లు చెబుతారు, గొల్లలకు కాటమరాజు కథ మందహెచ్చులవాళ్లు చెబుతారు. పటాన్ని కొద్దికొద్దిగా విప్పుతూ, బొమ్మను కర్రతో చూపిస్తూ రాత్రంతా కథ నడిపేవారు. నాకు కావలసింది అదే. పటం విప్పుతూ పిల్లలే కథ చెప్పాలి. ఈ మాట చెప్పగానే ఆ పెద్దాయన ముఖం వెలిగింది. ఈ మధ్య కథ పటాలు అడిగేవాళ్లే తగ్గిపోయారట, అందరూ ఫ్రేములో పట్టే చిన్న బొమ్మలే కావాలంటున్నారట.

కథ చెప్పడానికి దాదాపు రెండు గంటలు పట్టింది. ఆయన నోటుపుస్తకంలో పెన్సిల్‌తో గడులు గీసుకుంటూ విన్నాడు. కొండ దగ్గరికి వచ్చేసరికి పెన్సిల్ ఆగింది.

"టీచరమ్మా, ఈయన చేతిల తుపాకి చెప్తలేరు. కత్తి గూడ లేదా?"

"లేదు. చేతికర్ర ఒక్కటే."

"కట్టె వట్టుకొని తుపాకుల మీదికి పోయిండా?" అని పెన్సిల్ కింద పెట్టాడు. "ఎందుకట్ల?"

అప్పుడు వెనక్కి వెళ్లి 1909 నుంచి చెప్పాను. డౌటీ-వైలీ అప్పుడు టర్కీలో బ్రిటిష్ వైస్ కాన్సల్. అదానా పట్టణంలో ఆర్మేనియన్లను ఊచకోత కోస్తుంటే సైనిక యూనిఫాం వేసుకుని, కొంతమంది టర్కీ సిపాయిలనే వెంటబెట్టుకుని వీధుల్లో తిరిగి ఆపడానికి చూశాడు. చేతికి తూటా తగిలి ఎముక విరిగింది. కట్టు కట్టించుకుని మళ్లీ వీధుల్లోకి వెళ్లాడు. ఆ తర్వాత 1912, 13లలో బాల్కన్ యుద్ధం వచ్చినప్పుడు గాయపడిన టర్కీ సైనికుల కోసం రెడ్‌క్రాస్ పనిని నడిపించాడు. భార్య లిలియన్ కూడా పక్కనే ఉండి నర్సు పని చేసింది. అందుకు టర్కీ ప్రభుత్వం ఆయనకు మెజీదియే పతకం ఇచ్చింది. రెండేళ్లు తిరక్కుండానే ఆ టర్కీ మీదికే యుద్ధానికి వెళ్లాల్సి వచ్చింది. ఎవరికి కట్లు కట్టించాడో, ఎవరి పతకం తీసుకున్నాడో, వాళ్ల మీద ఆయుధం ఎత్తలేకనే కర్ర పట్టుకుని వెళ్లాడని చెబుతారు.

పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లెక్కలు మొదలుపెట్టాడు. రెండున్నర అడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు, ఏడు గడులు. 18,000 అన్నాడు, అడ్వాన్సుగా 6,000 ఇచ్చాను. పై గడిలో వినాయకుడు, సరస్వతి ఉంటారన్నాడు. ఇంగ్లీషాయన కథ కదా అని నసిగాను. "గణపతి లేకుంట కథ మొదలుగాదు టీచరమ్మా" అన్నాడు. వాదించలేదు.

మొదటిసారి చూడటానికి నెలన్నర తర్వాత వెళ్లాను. రెండో గడిలో 1891 హజారా, 1895 చిత్రాల్ దండయాత్రలు ఉండాలని నేనే పట్టుబట్టి పెట్టించాను. ఈయన కుర్ర అధికారిగా అప్పటి మన సరిహద్దు కొండల్లో, తెల్లదొరల సైన్యంలో, అక్కడి జనం మీద యుద్ధం చేసినవాడే. మంచివాడని కథ చెబుతూ అది దాచిపెడితే పిల్లలకు అబద్ధం చెప్పినట్టే. ఆ గడి అంత బాగా కుదరలేదు. కొండలు మన పాండవుల గుట్టల్లా వచ్చాయి. పోనీలే అనుకున్నాను.

ఓడ దగ్గర మాత్రం ఊరుకోలేదు. తెరచాపలున్న పడవ గీశాడు. ఆయన వచ్చిన రివర్ క్లైడ్ పాత బొగ్గు ఓడ. దాదాపు 2,000 మందిని లోపల కూర్చోబెట్టి, పక్కలకు తలుపులు కోసి, 1915 ఏప్రిల్ 25 పొద్దున కావాలనే దాన్ని ఒడ్డుకు ఎక్కించారు. తలుపుల్లోంచి బయటికి వచ్చినవాళ్లు వచ్చినట్టే కూలిపోయారు, ఎక్కువమంది ఐర్లాండ్ కుర్రాళ్లు. ఫొటో ప్రింటు తీసుకెళ్లి ఇచ్చాను. రెండోసారి గీసింది చూసి నాకు నోట మాట రాలేదు. నల్లటి ఓడ, దాని కడుపులో నాలుగు తలుపులు, తలుపుల్లోంచి మెట్ల మీదికి, మెట్ల మీంచి నీళ్లలోకి వరుసగా మనుషులు. నలభైమందికి తక్కువ లేరు. ఒక్కొక్కరూ బొటనవేలంత ఉంటారు. అందరికీ చేర్యాల కన్నే, చేపలా సాగిన పెద్ద కన్ను, మధ్యలో నల్లచుక్క. రంగులన్నీ నిండాక చివర్లో సన్నకుంచెతో ఆ కళ్లు పెడతారట. పెద్దాయన భార్య పెడుతుంటే పక్కన కూర్చుని చూశాను. ఊపిరి బిగబట్టి ఒక చుక్క, వదిలి మళ్లీ బిగబట్టి ఇంకో చుక్క. నీళ్లలో తేలుతున్నవాళ్లకు కళ్లు మూసి గీయాలా అని భర్తను అడిగింది. తెరిచే ఉండనీయమన్నాడు.

సముద్రం ఏ రంగు వేయాలన్నది ఇంకో ముచ్చట. చేర్యాల పటానికి వెనక రంగు ఎప్పుడూ ఎరుపే, ఇంగిలీకం ఎరుపు. సముద్రానికి నీలం కలిపి పెట్టుకున్నాడు. ఆ రోజు విమానంలోంచి చూసినవాడు ఒడ్డు వెంట నీళ్లు నెత్తుటితో ఎర్రబడ్డాయని చెప్పాడన్నాను. అయితే ఒడ్డు దగ్గర నీలం వెయ్యనన్నాడు. ఓడ వెనక నీలం నీళ్లు, అలల గీతలు, రెండు చేపలు ఉన్నాయి. ఓడ ముందు మాత్రం పటం ఎరుపే సముద్రం అయింది.

అసలు గొడవ ఆరో గడిలో వచ్చింది. కొండ మీద టర్కీ సైనికులను రాక్షసుల్లా గీశాడు. కోరలు, గుడ్లురిమిన కళ్లు, బానపొట్టలు. గీత చూస్తే అద్భుతం, ఆయన చేతి పనితనమంతా అక్కడే ఉంది. కానీ నా ప్రాణం ఉసూరుమంది.

"ఎదుటోళ్లు గదమ్మా. కథల ఎదుటోళ్లు గిట్లనే ఉంటరు" అన్నాడు.

"వాళ్లు రాక్షసులైతే ఈయన కర్ర పట్టుకుని ఎందుకు పోతాడు? పైన రెడ్‌క్రాస్ గడి చూడండి, మంచాల మీద పడుకున్నది వాళ్లే కదా" అన్నాను.

పై గడి చూశాడు, కింది గడి చూశాడు. ఈ రంగు మీద దిద్దడం కుదరదని, ఆ ముక్క కొత్తగా పూత పూసి గీయాలని చెప్పాడు. 2,000 అదనం అన్నాడు. ఇచ్చాను, నొచ్చుకోలేదు. మొదటే నేను ఫొటోలు చూపించి చెప్పాల్సింది. మీరు గీయించుకునేటప్పుడు మంచివాళ్లెవరు, చెడ్డవాళ్లెవరు అనేది ముందే మాట్లాడుకోండి. వాళ్ల పద్ధతిలో రంగు, ఆకారం, కళ్లు అన్నీ దాన్ని బట్టే ఉంటాయి.

మూడోసారి వెళ్లినప్పుడు ఆయన ఆ గడి చూపించి ఏమీ మాట్లాడకుండా నా ముఖం చూస్తూ నిలబడ్డాడు. గోడ చాటున తుపాకులు పట్టుకున్న ఐదుగురు. అందులో మెలితిరిగిన మీసాలవాడు ఒకడున్నాడు, చెంప మీద పుట్టుమచ్చ. ఎక్కడో చూసినట్టుందని పైకి చూశాను. రెడ్‌క్రాస్ గడిలో తలకు కట్టుతో మంచం మీద పడుకుని, లిలియన్ చేతి నీళ్లు తాగుతున్నది వాడే. నేను చెప్పలేదు, ఎక్కడా రాసి లేదు. చరిత్రలో ఇలా జరిగినట్టు ఆధారమూ లేదు, ఆ మాట పిల్లలకు చెప్పాను కూడా. కానీ నేను అన్ని పేజీలు చదివి పట్టుకోలేని సంగతి ఆయన ఒక పుట్టుమచ్చతో చూపించాడు. నాకైతే ఆ ఒక్క చుక్కకే 20,000 తీరిపోయాయి.

ఆ గడిలో కల్నల్ మధ్యలో ఉంటాడు. ఖాకీ బట్టలు, మీసం, కుడిచేతిలో కర్ర. ఏప్రిల్ 26న ఒడ్డున చిక్కుకుపోయి మిగిలినవాళ్లను కూడగట్టి, కెప్టెన్ వాల్ఫోర్డ్‌తో కలిసి ఆ ఊరి కోట మీదికి నడిపించాడు. వాల్ఫోర్డ్ దారిలోనే పోయాడు. కోట, ఊరు దాటి కొండ చేజిక్కిన క్షణంలోనే డౌటీ-వైలీ తలకు తూటా తగిలింది. 46 ఏళ్లు. ఇద్దరికీ చనిపోయాక విక్టోరియా క్రాస్ ఇచ్చారు, బ్రిటిష్ సైన్యంలో అన్నిటికన్నా పెద్ద సాహస పతకం అది.

మనవాళ్ల కథలు లేవా, వీళ్ల కథే దొరికిందా అని మా తోటి టీచర్లు అడిగారు. ఉన్నాయి. అదే గల్లీపోలిలో 14వ సిక్కులు, గూర్ఖాలు పోరాడారు. మన పర్వత ఫిరంగి దళాలు 25వ తేదీనే ఇంకో తీరంలో దిగాయి. అక్కడి హెలెస్ యుద్ధ స్మారకం మీద 20,000కు పైగా పేర్లుంటే వాటిలో మన సైన్యంవాళ్లవీ ఉన్నాయి, చేత్తో తడుముకుంటూ చదివాను. మన నిజాం గుర్రపు దళం లాన్సర్లు కూడా అదే యుద్ధంలో పాలస్తీనా వైపు టర్కీ సైన్యం మీద పోరాడారు. ఢిల్లీ తీన్‌మూర్తి విగ్రహాల్లో ఒకటి హైదరాబాద్ దళానిదే. రెండో పటం వాళ్లదే గీయిస్తాను. మాట కూడా అయిపోయింది.

దసరాకు ఇస్తామన్న పటం దీపావళి దాటాక వచ్చింది. అది నాకు కొంచెం టెన్షన్ పెట్టింది. ఏప్రిల్ 26 ఎండాకాలం సెలవుల్లో పడుతుంది కాబట్టి, నవంబర్ నాలుగో ఆదివారం ఎన్‌సీసీ డే నాడు బళ్లో విప్పాలనుకున్నాను. వారం ముందు చేతికి అందింది. తేదీ ఉన్న పని అయితే, ఆ తేదీకి నెలన్నర ముందే పటం చేతికి కావాలని చెప్పండి. చుట్టేటప్పుడు బొమ్మ పైకి ఉండేలా వదులుగా చుట్టాలి, బిగిస్తే రంగు పగులుతుంది. నేను ప్లంబింగ్ షాపులో లావుపాటి పీవీసీ పైపు కోయించి అందులో పెట్టాను. తడిగుడ్డతో అస్సలు తుడవొద్దు.

ఆ రోజు వరండాలో ఇద్దరు కేడెట్లు పటం పట్టుకుంటే, తొమ్మిదో తరగతి పిల్ల వెదురు పుల్లతో చూపిస్తూ కథ చెప్పింది. ఆరో గడి అయ్యాక వెనక వరుసలోంచి ఒక పిల్ల లేచి అడిగింది. "మేడం, ఆయన తుపాకి పట్టలేదు సరే, ఆయన వెనక వచ్చినోళ్ల చేతుల్లో ఉన్నయి కదా?" ఉన్నాయన్నాను. వాళ్లను నడిపించింది ఆయనే అని కూడా చెప్పాను. ఆ ప్రశ్న నాకు సమాధి దగ్గరే వచ్చింది, ఇప్పటికీ పోలేదు. ఆ పిల్ల పటం దగ్గరికి వచ్చి వెనకవాళ్ల తుపాకులు ఒక్కొక్కటీ వేలు పెట్టి లెక్కపెట్టింది.

ఇక చివరి గడి. అందులో కొండ మీద సమాధి ఒక్కటే గీయమన్నాను. యుద్ధం ఇంకా నడుస్తుండగానే, 1915 నవంబర్‌లో ఒక స్త్రీ ఓడ దిగి ఆ సమాధి దగ్గరికి వచ్చి పూలు ఉంచి వెళ్లిందని చెబుతారు. ఆయన్ను ప్రేమించిన ఇంగ్లీషు యాత్రికురాలు, రచయిత్రి గెర్ట్రూడ్ బెల్ అని కొందరంటారు గానీ, భార్య లిలియన్ అనే ఎక్కువమంది నమ్ముతారు. మాటల్లో ఈ సంగతి ఎప్పుడో చెప్పాను. పటం తీసుకోవడానికి వెళ్లిన రోజు చూస్తే సమాధి పక్కన ఆమె నిలబడి ఉంది. ఎర్రంచు పచ్చచీర, తల మీద కొంగు, ఇత్తడి పళ్లెంలో బంతిపూలు. పెద్దాయన భార్య నా కోసమే ఆగిందట, కళ్లు పెట్టింది కానీ నుదురు ఖాళీగా వదిలింది.

"భర్త పోయినంక వచ్చిందంటిరి గద టీచరమ్మా. బొట్టు పెట్టాల్నా, వద్దా?"

నేను జవాబు చెప్పేలోపే ఆమె చూపు నా నుదుటి మీది చిన్న స్టిక్కర్ మీద పడింది. ఇంకేమీ అడగలేదు. కుంచె ఎరుపులో ముంచింది.